రాక్షసులు ఎవరికి కాపలా?

సందేహం: మిత్రులతో ఆడే ఆట కోసం సొంతంగా ఒక కాల్పనిక ప్రపంచం కడుతున్నాను. పాశ్చాత్య కాల్పనిక కథల్లో దోపిడీ మూకలుగా కనిపించే వికృతాకారులు ఓర్కులు; నా ప్రపంచంలో మాత్రం వారు క్రూరులు కారు, మాట మీద నిలబడేవారు. వారిని ‘గౌరవప్రదమైన రాక్షస జాతి’ అనవచ్చునా?

సమాధానం: రాక్షసులు అనవచ్చు. మిగతా రెండు మాటలతోనే నాకు పేచీ.

‘రక్షో రక్షితవ్యమస్మాత్’ అన్నాడు వేదపదాలకు వ్యుత్పత్తులు చెప్పిన యాస్కుడు. దేని నుంచి మనల్ని కాపాడుకోవాలో అది రక్షస్సు. వాల్మీకి రామాయణం ఉత్తరకాండ 4వ సర్గ అదే ధాతువును తిరగేసింది. బ్రహ్మ నీటిని సృష్టించి, దానికి కాపలాగా కొన్ని ప్రాణులను పుట్టించాడు. వాటిలో ‘రక్షామ’, అంటే కాపాడతాం, అన్నవారు రాక్షసులయ్యారు; ‘యక్షామ’ అన్నవారు యక్షులయ్యారు. భాషాశాస్త్రం ఈ కథను ఒప్పుకోనక్కరలేదు, మీకు మాత్రం ఇది నిధి. ‘వీరి నుంచి కాపాడుకోవాలి’ అని ఇరుగుపొరుగులు, ‘కాపాడేది మేమే’ అని వీరు. పేరు ఒకటే, వ్యుత్పత్తులు రెండు. కాబట్టి ముందు వారు దేనికి కాపలా ఉంటారో తేల్చండి. ఏటి పుట్టుకకా? శవాలను పూడ్చిన నేలకా? కాపలా తప్పితే ఏమవుతుంది? అడగకుండా నీరు ముంచుకున్న బాటసారికి ఏ శిక్ష? వారి ఆచారాలు, వారిపై పుట్టిన నిందలు అక్కడి నుంచే వస్తాయి. ఇదేమీ చేయకుండా పాత దోపిడీ మూకకే ‘మంచి’ అని విశేషణం తగిలిస్తే, ఆట మొదలైన కాసేపటికి అది ఊడిపోతుంది.

ఇక ‘గౌరవప్రదమైన’. గౌరవాన్ని ఇచ్చేది గౌరవప్రదం. పదవి కావచ్చు, బహుమతి కావచ్చు. మాట నిలుపుకొనే మనిషికి ఆ విశేషణం అతకదు. ‘ఆడితప్పని’ అనే చక్కని తెలుగు ఉండగా ఈ అరువు పలుకుబడి ఎందుకు? పోతన బలిచక్రవర్తిని చూడండి. ఇస్తే సర్వనాశనమని గురువు శుక్రుడు హెచ్చరించినా ‘తిరుగన్ నేరదు నాదు జిహ్వ’ అన్నాడు. నా నాలుక వెనక్కి మళ్లడం నేర్చుకోలేదట! మాటకు ఆయన చెల్లించిన వెల మూడు లోకాలు. మీ ఓర్కులకూ మాట నిలుపుకోవడం వల్ల పోయేదేదో ఉండాలి. నష్టం లేని నియమాన్ని ఆడేవారు అలంకారమనుకుంటారు. అన్నట్టు, బలి రాక్షసుడు కాడు, దైత్యుడు, దితి వంశంవాడు. అసుర శబ్దమైతే ఋగ్వేదంలో వరుణుడి వంటి దేవతలకూ వాడారు.

‘జాతి’లో పుట్టుక ఉంది. గుణం పుట్టుకతో రాదని చూపదలచినవారు ఆ మాట వాడితే మొదటి వాక్యంలోనే ఓడినట్టు. ‘తెగ’ మేలు, కాకపోతే చిన్న గుంపు అనిపిస్తుంది. ‘జనం’ కూడా పనికి రావచ్చు, అదీ ‘పుట్టు’ అనే అర్థమున్న జన్ ధాతువుదే అయినా. మరొకటి: ఇలాంటివారికి భయంకరంగా ఉండాలని ఘ, ఢ, ఖ కుక్కి పేర్లు పెడుతుంటారు కొందరు. ఒత్తు పలికినంత మాత్రాన క్రూరులైపోతారా? ఘనుడిలోనూ ఘకారమే ఉంది. పొరుగువారు తిట్టేటప్పుడు ‘రక్కసులు’ అననివ్వండి. తమను తాము పిలుచుకోవడానికి మాత్రం వారి కాపలా పనిలోంచే ఒక పేరు పుట్టించండి.