అడవి జంతువుల కథలు రాస్తున్న చెల్లెకు

చెల్లే, నువ్వు పంపిన కథలన్నీ చదివిన. భాష మంచిగుంది, చిన్న పిల్లలకు ఇడమరిచి చెప్తున్నట్టే ఉంది, అందుల డౌట్ లేదు. కానీ ఆ కథల్ల జంతువులు లేవు, జంతువుల పేర్లు పెట్టుకున్న మనుషులున్నరు. నక్క మోసం చేస్తది, సింహం తీర్పు చెప్తది, కుందేలు బ్యాగేసుకొని స్కూల్‌కు పోతది. అసొంటి కథలు మనకు తాతల కాలం నుంచి ఉన్నయ్, వాటి అందం వాటిది. నువ్వేమో ఐదారేండ్ల పిల్లలకు అడవిల జంతువులు ఎట్ల బతుకుతయో చెప్పాలె అని రాసినవు కదా, మరి ఆ బతుకే రాయాలె.

ముందుగాల మన అడవితోని మొదలుపెట్టు. జిరాఫీలు, సింహాలు పిల్లలు ఫోన్ల రోజూ చూస్తనే ఉంటరు. ములుగు దాటితే ఏటూరునాగారం, నర్సంపేట దిక్కు పోతే పాకాల, పైకి పోతే జన్నారం కాడ కవ్వాల్, ఇంత అడవి పక్కన పెట్టుకొని ఆఫ్రికాకు ఎందుకు పోవాలె?

నీ ఎలుగుబంటి కథనే తీసుకుందాం. అందుల అది పిల్లగానికి దోస్తైతది, వాడు పోయి కావలించుకుంటడు. మన దగ్గర అట్ల రాయొద్దు చెల్లే, పొద్దుగాల చీకట్ల ఇప్పపువ్వు ఏరనీకి పోయినోళ్ల మీద ఎలుగు పడ్డదని ఎండకాలం పేపర్ల వస్తనే ఉంటది. దానికి చూపు తక్కువ, మనిషి ఒక్కసారి ఎదురైతే బెదిరి మీదికొస్తది. అది చెడ్డది అని కాదు, దాని తిండి కాడికి మనం పోయినం అంతే. ఇదే పిల్లలకు చెప్తే ఎంత మంచిగ అర్థమైతదో చూడు.

ఇగ అది తినే తీరు చూడు. మన గుడ్డెలుగుకు పైదవడల ముందటి పండ్లు రెండుండవు. పొడుగు గోళ్లతోని చెదపుట్టను తవ్వి, మూతి లోపటికి పెట్టి, ఫూ అని మట్టి ఊదేసి, ముక్కు రంధ్రాలు మూసుకొని ఆ పండ్ల సందుకెళ్లి చెదలను సర్రున పీలుస్తది, ఆ సప్పుడు చానా దూరం ఇనబడతది. ఈ ఒక్క ముక్క పిల్లల ముందట సప్పుడు చేసుకుంట చదువు, స్ట్రాతోని కొబ్బరినీళ్ల అడుగు పీల్చినట్టు, పిల్లలందరు నీతోని పీలుస్తరు. తల్లి ఎలుగు పిల్లలను వీపు మీద ఎక్కించుకొని తిరుగుతది, అవి ఆ పొడుగు బొచ్చు పట్టుకొని కూసుంటయ్. ఎండకాలం ఇప్పపువ్వు, తర్వాత తునికి పండ్లు. కథకు ఇంకేం కావాలె?

దోస్తానా లేకుండా కథ నడవదు అనుకుంటవేమో. కొండముచ్చులు చెట్టు మీద తినుకుంట ఆకులు, పండ్లు కింద పడేస్తయ్, కింద దుప్పులొచ్చి అవి తింటయ్. కొండముచ్చుకు పైనుంచి దూరం కనబడతది, దుప్పికి వాసన తొందర తెలుస్తది, చిరుత వస్తుంటే ఏదో ఒకటి అరుస్తది, రెండూ బతుకుతయ్. ఫ్రెండ్స్ అని నువ్వు రాయనవసరం లేదు, పిల్లలే అనుకుంటరు, అనుకోనీ.

చిరుత దుప్పిని తింటది అని రాయనీకి కూడా భయపడకు. నెత్తురు వర్ణించమని అంటలేను, కానీ దాన్ని విలన్ చేయకు. పులి వేట చానా సార్లు ఫెయిలే అయితది, ఆకలితోని పిల్లల కాడికి ఉత్తగనే తిరిగొస్తది. ఆ పిల్లలు రెండేండ్ల దాకా తల్లితోనే ఉండి వేట నేర్చుకుంటయ్. పులి పిల్ల ఆకలి గురించి ఒక కథ, దుప్పి పిల్ల గడ్డిల కదలకుండ పండుకున్న కథ ఇంకొకటి, రెండూ రాయి. ఏ దిక్కు ఉండాలో పిల్లలే కొట్లాడుకుంటరు.

అందంగ లేనివాటిని ఇడిచిపెట్టకు. దుమ్ములగొండి (హైనా), అలుగు (పాంగోలిన్), రాబందు. బెజ్జూర్ అడవిల పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్లు పెట్టుకున్నయ్. పశువులకు ఏసే డైక్లోఫెనాక్ మందు వల్ల, ఆ పశువు సచ్చినంక తిన్న రాబందుల కిడ్నీలు పాడై దేశమంత లెక్కలేనన్ని సచ్చినయ్, 2006ల ఆ మందును పశువులకు వాడొద్దని బ్యాన్ చేసిన్రు. ఇదంత ఆరేండ్ల పిల్లకు చెప్పలేవు, కానీ నీకు తెల్వాలె. పిల్లలకు రాసేటోళ్లు తక్కువ తెలిసినా నడుస్తది అనుకుంటరు చానామంది, నాకు దాంతోని కోపమొస్తది.

హన్మకొండ హంటర్ రోడ్డుల జూపార్కు ఉంది కదా, ఫోటోలు దిగనీకి కాకుండ పోయి దుప్పుల కాడ ఒక పూట నిలబడు. కూసొని నెమరేసేటప్పుడు దవడ పక్కకు తిరుగుతది, చెవులు రెండూ ఏరే ఏరే దిక్కులకు మళ్లుతయ్. అవి రాసుకో. ఏటూరునాగారం దిక్కు పశువులు కాసే ముసలోళ్లతోని, ఫారెస్ట్ బీట్ ఆఫీసర్లతోని మాట్లాడు, గూగుల్‌ల దొరకనియ్ వాళ్లు చెప్తరు.

ఎలుగు కథ మళ్ల రాసి పంపు. చివర్ల ఆ నీతి రెండు లైన్లు తీసెయ్. బొమ్మలేసేటాయనకు ముందే చెప్పు, ఎలుగు ఛాతి మీద తెల్లగ వీ ఆకారం ఉంటది, గోళ్లు పొడుగుంటయ్, పిల్లలు తల్లి వీపు మీద కూసోవాలె, టెడ్డీబేర్ లెక్క గుండ్రంగ గీస్తే ఒప్పుకోకు.