పాల్ పద్ధతిలో తీసిన పెళ్లి వీడియోని ఎన్‌టీఎస్‌సీకి మారిస్తే కుదుపులు: సమాధానం

మన దేశపు టీవీ పద్ధతి పాల్‌లో తీసిన పెళ్లి వీడియోని, అమెరికాలో ఉన్న అక్కయ్యగారి కోసం అక్కడి పాత టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీకి మారిస్తే బొమ్మ ఎందుకు చెడిందని అడిగారు. మీరు చెప్పిన లక్షణాలు, అంటే తలంబ్రాలు పోసేటప్పుడు చేతుల అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలు, కెమెరా పక్కకు తిరిగితే కుదుపు, చూస్తే ప్లేయర్ తప్పు కాదనిపిస్తోంది. ఇంటర్‌లేస్ (ఒక ఫ్రేములో బేసి గీతలు, సరి గీతలు రెండు వేర్వేరు క్షణాల బొమ్మలుగా అల్లుకుని ఉండటం) తీయకుండానే సైజు తగ్గించారు.

మన పాత మినీ డీవీ టేపులన్నీ పాల్. 720×576, సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో రెండు ఫీల్డులు, అంటే బేసి గీతల సగం, సరి గీతల సగం. అమెరికాలో మీ అక్కయ్యగారి ప్లేయర్‌కి కావాల్సింది 720×480, 29.97 ఫ్రేములు. 576 గీతల్ని నేరుగా 480కి నొక్కితే రెండు ఫీల్డులూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఆ తర్వాత ఏం చేసినా విడదీయలేం, కాబట్టి టేపు నుంచి కంప్యూటర్‌లోకి మొదట ఎక్కించిన ఫైలు నుంచే మళ్లీ మొదలుపెట్టండి.

వీడియోలు మార్చే ఉచిత ప్రోగ్రామ్ ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో, ఇంటర్‌లేస్ తీసే యాడిఫ్ ఫిల్టర్‌ని మోడ్ 1లో పెడితే ఒక్కో ఫీల్డు ఒక ఫ్రేమై సెకనుకు 50 వస్తాయి. అప్పుడు 480కి తగ్గించి, 59.94కి మార్చి, మళ్లీ ఇంటర్‌లేస్ చేయండి. ఈ వరుస తప్పితే కథ మొదటికే. డీవీ టేపులో కింది ఫీల్డు (రెండో గీత నుంచి మొదలయ్యేది) ముందు వస్తుంది, అది సరిగ్గా చెప్పకపోతే బొమ్మ ముందుకీ వెనక్కీ ఊగుతుంది.

ఆడియో నిడివి ముట్టుకోవద్దు, 48 కిలోహెర్ట్జ్ ఉంటే చాలు. 4 శాతం నెమ్మది చేయడం, 24 ఫ్రేముల నుంచి 25కి వేగం పెంచిన సినిమాలకే, సన్నాయికి వద్దు!

ముందు రెండు నిమిషాల ముక్క రీరైటబుల్ డిస్క్‌మీద రాసి, ఎన్‌టీఎస్‌సీ ఆడే టీవీలో చూడండి. అయినా అక్కయ్యగారు కంప్యూటర్‌లోనే చూస్తారంటే ఇదంతా అనవసరం, వీఎల్‌సీ అనే ప్లేయర్ ప్రోగ్రామ్‌లో పాల్ డిస్కే ఆడుతుంది.