కుర్రకారుని రప్పించడానికి ఎంత మసాలా వేయొచ్చు?

చి. అమ్మలుకి,

షార్లెట్‌లో రేస్ టీమ్ వీడియోలు ఇకమీదట నువ్వే చూసుకుంటావని, మీ మేనేజరేమో కుర్రాళ్ళ కోసం మసాలా పెంచమంటున్నాడని రాశావు. పెంచు. నాస్కార్‌కి, అంటే మీ అమెరికా కార్ల రేసులకి, దురుసుతనం కొత్తేమీ కాదు. 1979 డేటోనా 500 రేసుని అమెరికా మొదటి నుంచి చివరిదాకా టీవీలో లైవ్‌గా చూసింది. ఆఖరి ల్యాపులో ముందున్న రెండు కార్లు గుద్దుకోవడంతో రిచర్డ్ పెటీ గెలిచాడు గానీ, జనం మాట్లాడుకున్నది గడ్డిలో డ్రైవర్లు తన్నుకోవడం గురించే. అయితే ఆ కొట్లాట ఎవరూ రాసిచ్చింది కాదు. ట్రాక్ మీద పుట్టిన కోపాన్ని ఎంతైనా చూపించు, ఆఫీసులో కూర్చుని తయారుచేయకు.

2022 అక్టోబరు 30న మార్టిన్స్‌విల్ ట్రాక్‌లో డ్రైవర్ రాస్ చాస్టెయిన్ ఆఖరి ల్యాపులో ఐదో గేరు వేసి, కారుని బయటి గోడకి ఆనించి, యాక్సిలరేటర్ వదలకుండా మలుపు తిరిగేశాడు. పదో స్థానం నుంచి ఐదుకి. ఆ కిటుకు చిన్నప్పటి వీడియో గేమ్‌లోదని అతనే చెప్పాడు. ఒక్క బూతూ అక్కర్లేకుండా ప్రపంచమంతా తిరిగిన క్లిప్ అది. ఇలాంటివి పెట్టేటప్పుడు చాలామంది గోడ రాపిడి ఒక్కటే చూపిస్తారు. ‘ఈ స్థానాలు దక్కకపోతే టైటిల్ పోరు నుంచి ఔట్’ అన్న లైను మొదటి మూడు సెకన్లలోనే తెర మీద పడాలి. లేకపోతే కొత్తవాడికి అది మామూలు యాక్సిడెంటే, వేలితో పైకి తోసేస్తాడు.

నీకున్న అసలు సరుకు టీమ్ రేడియో. డ్రైవర్, క్రూ చీఫ్ (టీమ్‌ని నడిపేవాడు), స్పాటర్ (పైనుంచి ట్రాక్ చూస్తూ డ్రైవర్‌కి చెప్పేవాడు) మాటలు అభిమానులు రేడియో స్కానర్లలో వింటూనే ఉంటారు, కాబట్టి గుట్టేమీ బయటపడదు. 20–30 సెకన్లు కత్తిరించు. ఫ్రేము నిలువుగా, 1080×1920లో పెట్టు. శబ్దం ఆపి చూసేవాళ్ళుంటారు కనక మాటలన్నీ తెర మీద వేయి. తిట్టు వస్తే బీప్ కొట్టు, కోపం గొంతులో ఎలాగూ తెలుస్తుంది. చివర్లో తర్వాతి రేసు టైము, ఛానలు తప్పకుండా వేయాలి. 2025 నుంచి ప్రసారాలు ఫాక్స్, ప్రైమ్ వీడియో, టీఎన్‌టీ, ఎన్‌బీసీలకు పంచేశారు. కొత్తవాడు ఎక్కడని వెతుక్కుంటాడు?

కారు పల్టీ కొట్టిందనుకో. కిటికీ వల కిందికి దిగితే డ్రైవర్ క్షేమమని సైగ. ఆ వల దిగి, అతను ట్రాక్ దగ్గరి ఆసుపత్రి (కేర్ సెంటర్) నుంచి బయటికొచ్చేదాకా ఆ క్లిప్ ముట్టుకోవద్దు. మేనేజరు తొందరపెట్టినా సరే.

పాడ్‌కాస్ట్‌తో ఇంకా జాగ్రత్త. 2023 మార్చిలో ఫీనిక్స్ రేసు తర్వాత డ్రైవర్ డెన్నీ హామ్లిన్, చాస్టెయిన్‌ని తగిలింది కావాలనేనని సొంత పాడ్‌కాస్ట్‌లో ఒప్పేసుకున్నాడు. 50 వేల డాలర్ల జరిమానా, 25 పాయింట్ల కోత పడ్డాయి. వీడియో చూసి తేల్చలేని ఉద్దేశాన్ని నోటిమాట తేల్చేస్తుంది. విడుదలకి ముందు రూల్‌బుక్ తెలిసినవాళ్ళు వినాలి, మార్కెటింగ్ వాళ్ళు వింటే చాలదు.

లైవ్ స్ట్రీమ్‌కి 30 సెకన్ల ఆలస్యం పెట్టించు, మ్యూట్ మీద ఒక మనిషిని కూర్చోబెట్టు. 2020 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ రేసులో డ్రైవర్ కైల్ లార్సన్, తన మాట అందరికీ వినపడుతోందని గ్రహించక, నల్లజాతివారిని కించపరిచే మాట అన్నాడు. రోజుల్లోనే స్పాన్సర్లూ పోయారు, ఉద్యోగమూ పోయింది.

సోమవారం లెక్కల్లో వ్యూస్ దగ్గరే ఆగకు. క్లిప్ చూసినవాళ్ళలో ఎంతమంది మళ్ళీ వచ్చారో, ఎంతమంది రేసు లింకు నొక్కారో పక్కన రాసిపెట్టు. మీ మేనేజర్‌కి ఆ రెండు అంకెలే ముందు చూపించు.

ఆశీస్సులతో,
మీ మావయ్య