కాళ్ళు మొరాయించే వయసులో నడుముకి తుపాకీ ఎందుకు?

మీ ప్రశ్న ఇదీ: డల్లాస్‌లో మీ పక్కింట్లో ఉండే 78 ఏళ్ళ పెద్దాయన రోజూ చొక్కా కింద పిస్టల్ పెట్టుకుని వాకింగ్‌కి వెళ్తారని ఈమధ్యే తెలిసింది. పాపం చేతికర్ర పట్టుకుని నడిచే మనిషికి ఈ వయసులో ఇదేం సరదా అని అడిగారు.

సరదా కాదండీ. నాకూ ఇలా తుపాకీ వెంట పెట్టుకు తిరిగే లైసెన్సు ఉంది. నాకిప్పుడు 69 ఏళ్ళు, మాది గుంటూరు దగ్గర పల్లెటూరు, టెక్సాస్ వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. అరవై మూడేళ్ళు వచ్చేదాకా నేను తుపాకీ ముట్టుకోలేదు. మా తాతగారికి డబుల్ బ్యారెల్ ఉండేది. దాని గురించి నాకున్న జ్ఞాపకమల్లా ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా ఆయన దాన్ని దుప్పట్లో చుట్టి సైకిల్ మీద పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్ళి డిపాజిట్ చేసి రావడం. పిట్టని కొట్టడం కూడా ఎప్పుడూ చూడలేదు.

2019 నవంబరులో, మోకాలి మార్పిడి ఆపరేషన్ అయిన నాలుగో నెలలో, మా ఆవిడా నేనూ సామాన్లు తెచ్చుకుందామని వెళ్ళాం. ఆ నెలలో ఇక్కడ ఐదున్నరకే చీకటి పడుతుంది. డిక్కీలో బియ్యం బస్తా పెడుతుంటే పాతికేళ్ళ కుర్రాడొకడు వచ్చి టైమెంత అన్నాడు. నేను చేతి గడియారం చూసేలోపు భుజం మీద ఒక్క తోపు తోసి, మా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ లాక్కుని, అప్పటికే ఇంజన్ ఆన్‌లో ఉన్న కారెక్కి వెళ్ళిపోయాడు. మొత్తం నాలుగైదు సెకన్లు.

పోయింది కొంత డబ్బు, కార్డులు, ఇంటి తాళాలు. అవి నన్ను పెద్దగా బాధపెట్టలేదు. కింద పడ్డవాణ్ణి లేవలేకపోయాను, అదీ బాధ. కొత్త మోకాలు మీద బరువు వేసి లేవడం రాదు. పట్టుకుని లేద్దామని సామాన్ల బండి కమ్మీ అందుకున్నాను. నేను లాగితే బండి నా మీదికి జరిగింది, ఆనుకుంటే ముందుకి దొర్లిపోయింది. ఇలా రెండుసార్లు. చివరికి మా ఆవిడ ఏడుస్తూ వచ్చి చక్రానికి కాలు అడ్డం పెడితే లేచాను. ఆ రాత్రంతా నాకు దొంగ మొహం గుర్తురాలేదు, ఆ చక్రాలు తిరగడమే గుర్తొచ్చింది.

మీ పక్కింటాయన చెప్పినా చెప్పకపోయినా, ఆయన విషయంలోనూ ఇలాంటి చక్రమేదో ఒకటి ఉండే ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు మనకి తెలియకుండానే రెండు ఆయుధాలుంటాయి: పరిగెత్తే కాళ్ళు, తిరగబడే చేతులు. అవి పోయాయని ఎవరూ చెప్పరు, ఓ రోజు పార్కింగ్ లాట్‌లో తెలుస్తుంది.

2020 జనవరిలో లైసెన్సు క్లాసుకి వెళ్ళాను. అందరూ కుర్రాళ్ళే ఉంటారు, నేనొక్కణ్ణే ముసలాణ్ణి అవుతానని సిగ్గుపడుతూ వెళ్ళా. పద్నాలుగు మందిలో ఎనిమిది మందిది నెరిసిన జుట్టే. మధ్యాహ్నం శాండ్‌విచ్ తింటూ ఒకరినొకరం అడిగాం, ఎందుకొచ్చారని. ఒకావిడ రిటైరైన టీచరు, భర్త పోయారు. "ఇరవై ఏళ్ళప్పుడైతే చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తేదాన్ని. ఇప్పుడు అరిచినా వినేంత దగ్గర్లో ఎవరూ లేరు" అంది. పశ్చిమాన ఎక్కడో పశువుల పొలం ఉన్న ఇంకొకాయన, 911కి ఫోన్ చేస్తే తమ వైపు పోలీసు రావడానికి నలభై నిమిషాలు పడుతుందన్నాడు. ఆయనకి మనుషులకన్నా విషప్పాముల బెడదే ఎక్కువట. మూడో ఆయన మాట నాకు బాగా గుర్తుండిపోయింది. భార్యకి మతిమరుపు జబ్బు. "నేను పరిగెత్తగలను, రోజూ నాలుగు మైళ్ళు నడుస్తా. ఆవిణ్ణి వదిలేసి ఎక్కడికి పరిగెత్తను?" అన్నాడు.

డాక్టర్లకి తెలిసిన సంగతొకటి కూడా ఇందులో కలుస్తుంది. పాతికేళ్ళవాణ్ణి తోస్తే లేచి దులుపుకుంటాడు. డెబ్బై ఏళ్ళ మనిషికి తుంటి ఎముక విరగొచ్చు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకి తలకి దెబ్బ తగిలితే మెదడులో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఎక్కువ. అంటే కుర్రాడికి చిన్న గొడవ అనిపించేది పెద్దాయనకి ప్రాణం మీదికి రావచ్చు. ఆత్మరక్షణ కేసుల్లో ఇక్కడి జ్యూరీ ఇద్దరి మధ్య వయసు, ఒంటి బలం తేడాని కూడా లెక్కలోకి తీసుకోవచ్చు. మా క్లాసులో మాస్టారు, రిటైరైన పోలీసు, ఇది చెప్పి వెంటనే "అలాగని ఇది మీకిచ్చిన పర్మిట్ అనుకోకండి, కాల్చిన ప్రతి గుండుకీ సమాధానం చెప్పాలి" అన్నాడు.

టెక్సాస్ వాళ్ళకి దీని వెనక ఒక పాత గాయం కూడా ఉంది. 1991 అక్టోబర్ 16న కిల్లీన్ ఊళ్ళో లూబీస్ అనే భోజనశాలలోకి ఒకడు ట్రక్కుతో అద్దాలు పగలగొట్టుకుని వచ్చి 23 మందిని కాల్చి చంపాడు. అక్కడ సుజానా హప్ అనే ఆవిడ తల్లిదండ్రులతో భోంచేస్తోంది. ఆవిడకి రివాల్వర్ ఉంది, కానీ దాచుకు తిరగడం అప్పటి చట్టం ఒప్పుకోదు కాబట్టి కారులో వదిలేసి వచ్చింది. 71 ఏళ్ళ తండ్రి ఉత్త చేతులతో హంతకుడి మీదికి ఉరికాడు, పోయాడు. తల్లి భర్తని వదిలి రానని అక్కడే ఉండిపోయింది, ఆవిడా పోయింది. హప్ ఊరూరా తిరిగి సాక్ష్యం చెప్పింది. 1995లో జార్జ్ బుష్ గవర్నర్‌గా ఉండగా లైసెన్సుతో దాచుకు తిరగొచ్చన్న చట్టం వచ్చింది, 1996 నుంచి లైసెన్సులు ఇచ్చారు. ఆవిడ తరవాత శాసనసభకీ ఎన్నికైంది. ఇక్కడి పెద్దవాళ్ళతో ఈ మాట ఎత్తితే ఆ తండ్రి సంగతి తప్పకుండా వస్తుంది.

షికాగోలో ఓటిస్ మెక్‌డొనాల్డ్ అని రిటైరైన నల్లజాతి పెద్దాయన ఉండేవాడు. ఇంట్లో పలుసార్లు దొంగలు పడితే, ఇంట్లో పెట్టుకోడానికి పిస్టల్ కావాలన్నాడు. నగరం కుదరదంది. సుప్రీం కోర్టు దాకా వెళ్ళి 2010లో గెలిచాడు. అప్పటికి ఆయన వయసు 76. ఇంటికి సంబంధించిన కేసే గానీ, ఎవరు అడుగుతున్నారు, ఎందుకడుగుతున్నారు అన్నదానికి ఆయనకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

సరే, దాచుకునే ఎందుకు తిరగాలి? 2016 నుంచి టెక్సాస్‌లో లైసెన్సు ఉన్నవాళ్ళు పైకి కనపడేలా కూడా పెట్టుకోవచ్చు. కానీ మా వయసువాళ్ళు దాదాపు ఎవరూ పెట్టుకోరు. పైకి కనిపిస్తే అది మన ఆయుధం కాదు, ఎదుటివాడిది. బలమున్నవాడు వెనక నుంచి వచ్చి లాక్కుంటే ఆపగలమా? పైగా కనబడితే జనం మనల్ని చూసే చూపు మారిపోతుంది. గుళ్ళో పులిహోర వడ్డించే పెద్దాయన నడుముకి పిస్టల్ వేలాడుతుంటే ఎవరు తింటారు చెప్పండి. అన్నట్టు, దాచుకోవడానికి మన లాల్చీని మించింది లేదు.

ఇక అసలు తిరకాసు. ఏ వయసు వల్ల తుపాకీ కావాలనిపిస్తుందో, ఆ వయసే దాన్ని వాడనివ్వదు.

నేను మొదట కొన్నది చిన్న సెమీ ఆటోమేటిక్ పిస్టల్. దాని పైభాగాన్ని, స్లైడ్ అంటారు, వెనక్కి లాగి వదిలితే గాని గుండు పేలే అరలోకి ఎక్కదు. స్ప్రింగ్ గట్టిది. నా కుడి బొటనవేలికి కీళ్ళవాతం. షాపులో అందరి ముందూ పళ్ళు బిగించి లాగితే సగం దాకా వచ్చి జారిపోయింది. మాస్టారు చిట్కా చెప్పాడు: స్లైడ్‌ని లాగకు, ఎడమ చేత్తో దాన్ని గట్టిగా పట్టుకుని కుడి చేత్తో పిస్టల్‌నే ముందుకి నెట్టు. కొంత నయం. ముసలాళ్ళకి రివాల్వర్ మేలని ఇంకెవరో అన్నారు. దానికి స్లైడ్ గొడవ లేదు గానీ ట్రిగ్గర్ రాయిలా ఉంటుంది, నొక్కేసరికి గురి పక్కకి పోతుంది. చివరికి స్మిత్ అండ్ వెసన్ కంపెనీ వాళ్ళ 'ఈజీ' మోడల్ తీసుకున్నా. స్లైడ్ తేలిగ్గా కదిలేలా చేసిన పిస్టల్ అది, నాలాంటి చేతులకి పనికొస్తుంది.

తరవాత కళ్ళు. బైఫోకల్ అద్దాల్లోంచి పిస్టల్ కొసన ఉన్న గురి గుర్తు స్పష్టంగా కనపడాలంటే గడ్డం పైకెత్తి కింది అద్దంలోంచి చూడాలి. అప్పుడు టార్గెట్ మసక. తల దించితే టార్గెట్ స్పష్టం, గుర్తు మాయం. నా పక్క లేన్‌లో ఉన్న టీచరమ్మ కూడా నాలాగే కోడిలా తల ఎత్తుతూ దించుతూ ఉంటే ఇద్దరం నవ్వుకున్నాం. పరీక్ష కష్టమైనదేం కాదు: 50 గుళ్ళు, మూడు, ఏడు, పదిహేను గజాల నుంచి. 250కి 175 వస్తే పాస్. నాకు 231 వచ్చింది. ఇంటికొచ్చి మా ఆవిడకి చూపిస్తే, మన అబ్బాయి లెక్కల మార్కులకి కూడా నువ్వింత పొంగిపోలేదంది.

రెండేళ్ళు దాదాపు రోజూ పెట్టుకున్నాను. ఒక్కసారి కూడా తియ్యాల్సిన అవసరం రాలేదు. అసలు నన్ను తోసిన ఆ సాయంత్రం అది నా దగ్గరున్నా ఏమీ చేసేవాణ్ణి కాదు. చొక్కా ఎత్తి తీసి గురిపెట్టడానికి, ఎంత సాధన చేసినా, నాకు నాలుగు సెకన్లు పడుతుంది. వాడికి ఆ నాలుగే చాలు. వెళ్ళిపోతున్న కారు మీద కాల్చి ఉంటే జైల్లో కూర్చునేవాణ్ణి. ఇది కొన్న ఏడాదికి గాని నాకు నేను ఒప్పుకోలేదు.

ఇంకోటీ చెప్పాలి, సిగ్గుగానే ఉన్నా. 2022లో ఆస్టిన్ నుంచి వస్తూ దారిలో ఒకచోట భోంచేసి బాత్రూమ్‌కి వెళ్ళాను. బెల్టు వదులు చేసేటప్పుడు పిస్టల్‌ని హోల్‌స్టర్‌తో, అంటే దాని ఒరతో సహా తీసి పక్కనున్న అరమీద పెట్టాను. చేతులు కడుక్కున్నాను, బయటికొచ్చాను, కారెక్కాను. హైవే మీదికి ఎక్కాక నడుము తేలిగ్గా అనిపించింది. వెనక్కి వెళ్ళేసరికి పదిహేను నిమిషాలైంది. అదక్కడే ఉంది. నేను లోపలికి వెళ్తుంటే ఏడెనిమిదేళ్ళ పిల్లాడొకడు ఆ బాత్రూమ్‌లోంచి ప్యాంటుకి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. వాడు దాన్ని చూశాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతికే వయసులో ఈ వస్తువు నా ఒంటిమీద ఉండటం గురించి ఆ రోజు నుంచీ ఆలోచనలో పడ్డాను. ఇప్పుడు రోజూ పెట్టుకోను. రాత్రిపూట దూరం డ్రైవింగ్ ఉంటే తప్ప బీరువా సైజు సేఫ్‌లోనే ఉంటుంది.

ఇంట్లో పెద్దవాళ్ళున్నవాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. అమెరికాలో తుపాకీ చావుల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఆత్మహత్యల రేటు అందరికన్నా ఎక్కువ ఉన్నది 75 దాటిన మగవాళ్ళలో. హింసాత్మక నేరాల బారిన తక్కువగా పడేదేమో 65 దాటినవాళ్ళు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే, బయటి దొంగకన్నా ఇంట్లో ఒంటరితనం గురించి ఎక్కువ కంగారు పడాలి. క్లాసులో చెప్పానే, మతిమరుపు భార్య ఉన్నాయన, ఆవిడ పోయిన వారానికి కొడుకు వచ్చి "కొన్నాళ్ళు ఇవి నా దగ్గరుంచుకుంటా నాన్నా" అని అన్నీ తీసుకెళ్ళాడట. ఆయన కోపం తెచ్చుకోలేదు. "మంచి పని చేశాడు" అన్నాడు నాతో, కాఫీ కప్పు వంక చూస్తూ.

మనవాళ్ళకి చిన్న హెచ్చరిక. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వస్తే వాళ్ళ చేతికి తుపాకీ ఇవ్వకండి. ఇలాంటి తాత్కాలిక వీసాల వాళ్ళు తుపాకీ కొనడం, దగ్గర పెట్టుకోవడం సాధారణంగా ఫెడరల్ నేరం. వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులున్నాయి. నాన్నగారిని తుపాకీ సాధన చేసే రేంజ్‌కి తీసుకెళ్ళి ఫోటో తీద్దామనుకుంటే ముందు లాయర్‌ని అడగండి. గ్రీన్ కార్డు ఉంటే వేరే సంగతి.

మీ పక్కింటాయన్ని నేను తప్పు పట్టను. ఆయన కారణం నాకు తెలుసు. నాకు నచ్చనిది వేరే ఉంది. టెక్సాస్‌లో 79 ఏళ్ళు దాటితే డ్రైవింగ్ లైసెన్సు రెన్యువల్‌కి స్వయంగా వెళ్ళి కంటి పరీక్ష చేయించుకోవాలి. 85 దాటితే రెండేళ్ళకోసారి. తుపాకీ లైసెన్సుకి అదేం లేదు. 2024లో నేను రెన్యువల్ చేసుకున్నప్పుడు లుంగీ కట్టుకుని ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని ఫీజు కట్టేశాను. కనపడుతోందా అని గాని, ఒకసారి కాల్చి చూపించమని గాని ఎవరూ అడగలేదు. 2021 సెప్టెంబర్ నుంచి అర్హత ఉన్న వయోజనులకి తుపాకీ వెంట పెట్టుకోడానికి ఆ లైసెన్సు కూడా అక్కర్లేదు.

అందుకని నా పరీక్ష నేనే పెట్టుకుంటున్నాను. ప్రతి జనవరిలో రేంజ్‌కి వెళ్ళి అవే 50 గుళ్ళు, అవే దూరాలు. కిందటేడు 214 వచ్చింది. ఈ ఏడు 203. ఆ కాగితం ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతం కింద పెట్టి, 175 దగ్గర ఎర్ర పెన్నుతో గీత గీశాను. సేఫ్ కోడ్ మా అబ్బాయికి చెప్పాను, ఆ గీత సంగతి కూడా.