మా ఊళ్లో డిజిటల్ ముందొచ్చింది, సోలార్ ఇంకా దారిలోనే ఉంది

"వర్ధమాన దేశాల్లో డిజిటల్, హరిత ఆర్థిక పరివర్తన అని పాఠాల్లో చదువుతున్నాం. చిన్న ఊళ్లలో అది నిజంగా కనిపిస్తోందా?" అని మీరు అడిగారు. దేశాల సంగతి నేను చెప్పలేను. పర్లాకిమిడిలో నాకొక పిండిమర, దాని పక్కన చిన్న కిరాణా కొట్టు ఉన్నాయి. ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం మాది. కాస్త దూరం పోతే ఆంధ్రాలోని పాతపట్నం వస్తుంది. నాకు తెలిసినదల్లా ఈ ఊరూ, నా గోడ మీద ఉన్న రెండు కరెంటు మీటర్లూ (ఇంటిదొకటి, పిండిమరదొకటి).

డిజిటల్ సంగతి తొందరగా తేల్చేస్తాను. యూపీఐ 2016లోనే వచ్చినా, ఆ ఏడాది పెద్ద నోట్లు రద్దయినప్పుడు కూడా నేను దాని జోలికి పోలేదు. కరోనా రోజుల్లో ఒక కుర్రాడు వచ్చి క్యూఆర్ కోడ్ కాగితం అంటించి వెళ్లాడు. పైసా తీసుకోలేదు. అమ్మకం మీద కమీషనూ లేదు. అదే అసలు రహస్యం అనుకుంటాను. ముందుగా చేతి డబ్బు పెట్టవలసి ఉంటే మా బజారులో సగం కొట్లు ఆ కాగితం అంటించుకునేవి కావు. ఇప్పుడు చిల్లరకు బదులు చాక్లెట్లు చేతిలో పెట్టే బాధ తప్పింది. పాతపట్నం వాళ్లూ అదే ఫోనుతో కొంటున్నారు. డబ్బుకు రాష్ట్ర సరిహద్దు లేకుండా పోయింది.

2024లో ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకు డబ్బిచ్చే సుభద్ర పథకం తెచ్చాక వాళ్లూ ఇందులోకి దిగారు. ఏడాదికి 10,000 రూపాయలు రెండు విడతలుగా ఖాతాలో పడతాయి. పైగా ప్రతి పంచాయతీలో, పట్టణంలో డిజిటల్ లావాదేవీలు ఎక్కువగా చేసిన వంద మందికి మరో 500. ఆ 500 కోసం మా వీధిలో ఇద్దరు తోడికోడళ్లు రోజూ ఒకరికొకరు రూపాయి చొప్పున పంపుకున్నారు. నవ్వు వచ్చిన మాట నిజమే, కానీ ఆ వంకతో ఇద్దరూ ఫోను వాడటం నేర్చుకున్నారు.

అందరికీ అంత సులువు కాలేదు. మా పిన్ని విస్తరాకులు కుట్టీ కుట్టీ వేళ్లు అరిగిపోయాయి. బ్యాంకు మిత్ర (ఊళ్లో బ్యాంకు తరఫున డబ్బు ఇచ్చే మనిషి) దగ్గర వేలిముద్ర పడదు. ఒక పూటంతా కూర్చుని, వేళ్లకు కొబ్బరినూనె రాసుకుని, తుడుచుకుని, మళ్లీ పెట్టి చివరికి ఉత్త చేతులతో వస్తుంది. ఇక ఫోనుకు వచ్చే సందేశాలు ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి, ఆమె చదవగలిగేది తెలుగు. గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసి, కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష నేర్చుకుని, జనం మాట్లాడే భాషలోనే చదువుండాలని పోరాడింది ఈ ఊళ్లోనే. ఆ సందేశాలు చదివి పెట్టమని పిన్ని నా దగ్గరకు వచ్చినప్పుడల్లా ఆయనే గుర్తొస్తారు.

ఇక సోలార్. దీని గురించి నాకు కడుపునిండా ఉంది.

2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. పిండిమర మూతపడింది, ఫ్రిజ్‌లోవన్నీ పాడైపోయాయి. అప్పుడే అనుకున్నాను, ఎప్పటికైనా డాబా మీద ప్యానెళ్లు పెట్టించాలని. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ఇళ్ల మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించుకోవడానికి పీఎం సూర్యఘర్ పథకం ప్రకటించింది. 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ. సరే అని దరఖాస్తుకు కూర్చుంటే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయాను. ఇంటి కనెక్షన్ మా నాన్నగారి పేరు మీద ఉంది. ఆయన పోయి తొమ్మిదేళ్లు. పేరు మార్పించడానికి మరణ ధ్రువీకరణ పత్రం, వారసత్వ పత్రం, అన్నదమ్ముల సంతకాలు కావాలన్నారు. మా తమ్ముడు సూరత్‌లో ఉంటాడు. నాలుగు నెలలు పట్టింది. మా వీధిలో లెక్క వేస్తే సగం ఇళ్ల బిల్లులు ఇప్పటికీ పోయినవారి పేర్లతోనే వస్తున్నాయి.

ఆ సబ్సిడీ కూడా అంతా బిగించి, పరీక్షించి, నెట్ మీటర్ (లైనుకు పంపిన కరెంటునూ, లైను నుంచి తెచ్చుకున్నదాన్నీ లెక్కగట్టేది) పెట్టాకే ఖాతాలో పడుతుంది. ముందు డబ్బు మనదే. బ్యాంకులో రుణం అడిగితే నా పద్దు పుస్తకం ఎవరూ తిప్పి చూడలేదు, యూపీఐ జమలున్న ఖాతా స్టేట్‌మెంట్ చూసి ఇచ్చారు. మీరు అడిగిన రెండు పరివర్తనలూ నా జీవితంలో కలిసింది ఆ ఒక్క చోటే. రేకుల ఇంట్లో అద్దెకుండే మనిషికి మాత్రం డాబా లేదు, బిల్లు మీద పేరూ లేదు.

తమాషా ఏమిటంటే, ఆ సబ్సిడీ ఇళ్లకే, వ్యాపార కనెక్షన్లకు లేదు. పిండిమరలో ఏడున్నర హెచ్‌పీ మోటారు పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా, సరిగ్గా ఎండ ఉన్నంతసేపూ నడుస్తుంది. కొండ మీది సవర ఆడవాళ్లు రాగులు (మా వైపు చోళ్లంటాం) తెచ్చేదీ అప్పుడే. ఆ మీటరుకు సబ్సిడీ లేదు. ఇంట్లో ఫ్యాన్లూ టీవీ రాత్రి నడుస్తాయి, ఆ మీటరుకు ఉంది. పగలు నా డాబా మీద పుట్టిన కరెంటు లైను ఎక్కి పోతుంది, రాత్రి నేను తెచ్చుకుంటాను, తేడాకు బిల్లు. ఇంటి బిల్లు బాగా తగ్గింది, కాదనను. కానీ గోడకు అవతల పిండిమర వ్యాపార రేటుకే తిరుగుతోంది.

అసలు దెబ్బ తర్వాత తెలిసింది. ప్యానెళ్లు పెట్టిన వేసవిలో ఒక మధ్యాహ్నం గాలివాన వచ్చి లైను తెగింది. వాన వెలిసి ఎండ కాసింది. ఇంట్లో మాత్రం కరెంటు లేదు! బిగించినవాళ్లకు ఫోను చేస్తే, "లైనులో కరెంటు లేకపోతే ఇన్వర్టరు (ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే పెట్టె) ఆగిపోతుందండీ, లేకపోతే తీగ మీద పనిచేసేవాళ్లకు షాక్ కొడుతుంది" అన్నారు. న్యాయమైన మాటే. కానీ తుపాను కోసమే పెట్టించుకున్నవాడికి ఆ మాట ముందుగా చెప్పాలి కదా? కరెంటు పోయినప్పుడూ నడవాలంటే బ్యాటరీతో పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టరు కావాలి, దానికి ఖర్చు ఎక్కువ. మీ ఇంట్లో పెట్టించేటట్లయితే ఈ ఒక్క ప్రశ్న ముందే అడగండి.

వారానికోసారి ప్యానెళ్లు కడుగుతాను, పిండిమర దుమ్ము వాటి మీద పేరుకుంటుంది. వాటి చట్రం అల్యూమినియం. దాని ముడిసరుకు బాక్సైట్ మా పక్క జిల్లా రాయగడ కొండల్లోనే ఉంది. నియమగిరిలో ఆ తవ్వకం వద్దని 2013లో 12 గ్రామసభలు వరుసగా తీర్మానించాయి. హరితం అనే మాట డాబా మీద నుంచి ఒకలా, కొండ మీద నుంచి ఇంకోలా వినిపిస్తుందేమో. ఈ లెక్క నాకు ఇంకా తేలలేదు.

ఇప్పుడు పిండిమరకు వేరుగా, సబ్సిడీ లేకుండా పెట్టించడానికి ధరలు అడుగుతున్నాను. రేకుల కప్పు ఆ బరువు ఆపుతుందో లేదో చూడటానికి వచ్చే సోమవారం మేస్త్రీ వస్తానన్నాడు. ఆపదంటే ముందు కప్పు మార్చాలి.