బీటెక్ మధ్యలో న్యూరోఎకనామిక్స్ అంటోంది.. కట్టిన ఫీజులు నీళ్లపాలేనా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ థర్డ్ ఇయర్. క్యాంపస్ ఉద్యోగం వద్దు, న్యూరోఎకనామిక్స్ (మెదడు నిర్ణయాలెలా తీసుకుంటుందో చెప్పే శాస్త్రమట) చదువుతానంటోంది. ఇప్పటిదాకా ఆరు లక్షలు కట్టాం. పోనీ న్యూరోమార్కెటింగ్ (మెదడు స్కాన్లతో కస్టమర్ల ఇష్టాలు పసిగట్టడం) సర్టిఫికెట్ కోర్సులో చేర్చమంటారా? సాఫ్ట్‌వేర్ ఉద్యోగంతో పోలిస్తే ఏది మేలు?
- ఒక తండ్రి, గుంటూరు

జవాబు: పోలిక అడిగారు గానీ, మీ దిగులంతా ఆ ఆరు లక్షల మీదే ఉంది. పోయిన రూపాయి పెట్టే బాధ వచ్చిన రూపాయి ఇచ్చే సంతోషానికి రెండింతల పైమాటేనని మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వర్‌స్కీ 1992లో అంచనా కట్టారు. అమ్మాయి చదువుతానంటున్నది ఇలాంటి లెక్కలే. ఎందుకు చదువుతానంటోందో ఆమెను అడిగారా? ఉత్తరంలో ఫీజు ఉంది, ఆమె మాట ఒక్కటీ లేదు.

ఫీజు ఎక్కడికీ పోలేదు లెండి, ఆ చదువు ఇక్కడా పనికొస్తుంది. మెదడు శాస్త్రవేత్త షుల్ట్జ్ ప్రయోగాల్లో లైటు వెలిగాక కోతికి పళ్లరసం చుక్క ఇచ్చేవారు. మొదట రసానికి స్పందించిన డోపమైన్ (మెదడులో సంకేతాలు మోసే రసాయనం) కణాలు, అలవాటయ్యాక లైటుకే స్పందించాయి. రావాల్సిన వేళకు రసం రాకపోతే చప్పబడ్డాయి. అనుకున్నదానికీ అందినదానికీ మధ్య తేడాను అవి చెబుతున్నాయన్నమాట. 1997లో దానికి సరిపోయిన సూత్రం రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ (బహుమతిని బట్టి ప్రోగ్రామ్ తనంతట తాను నేర్చుకునే కంప్యూటర్ పద్ధతి) నుంచి వచ్చింది. సీఎస్‌ఈ పిల్లలకు ఇంతకన్నా దగ్గరి దారేముంది?

న్యూరోమార్కెటింగ్ మీద మాత్రం నాకు గురి లేదు. ఎఫ్‌ఎంఆర్‌ఐ అనే మెదడు స్కాన్ చూసేది రక్తంలో ఆక్సిజన్ మార్పుని, అదీ నాలుగైదు సెకన్లు ఆలస్యంగా. తెర మీద ఒక్కో చుక్క వెనక లక్షల కణాలుంటాయి. ఇన్సులా అనే భాగం నొప్పికీ, రోతకీ, ఇంకా బోలెడన్నింటికీ వెలుగుతుంది. అది వెలిగింది కాబట్టి 'కస్టమర్‌కి నచ్చింది' అంటే ఎలా? గణాంకాలు నేర్పకుండా రంగుల బొమ్మలు చూపే కోర్సుకి రూపాయి కూడా కట్టకండి.

అమ్మాయికి ఈ సెలవుల్లో ఒక పని చెప్పండి. రెండు మీటల్లో ఎక్కువ గెలిపించేది ఏదో కనిపెట్టే ఆటను పైథాన్‌లో రాసి, లెర్నింగ్ రేటు (ఒక్కో ఫలితం చూశాక అంచనా ఎంత మార్చుకోవాలో చెప్పే అంకె) 0.1, 0.5 పెట్టి ఆడించాలి. తర్వాత ఓపెన్‌న్యూరోలో (ఇదొక వెబ్‌సైట్) ఉచితంగా దొరికే మెదడు స్కాన్ల డేటా తీసుకుని శుభ్రం చేయాలి. చాలామంది జావగారిపోయేది అక్కడే. ఆరు వారాల తర్వాతా ఉత్సాహం తగ్గకపోతే ఐఐటీ గాంధీనగర్‌లో కాగ్నిటివ్ సైన్స్ (మెదడు, ఆలోచనల శాస్త్రం) ఎమ్మెస్సీకి సిద్ధం కమ్మనండి. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్, హైదరాబాద్ విశ్వవిద్యాలయాల్లోనూ ఈ రంగం ల్యాబులున్నాయి, ఇంటర్న్‌షిప్‌కి రాయవచ్చు. మన దగ్గర అధ్యాపక ఉద్యోగాలు తక్కువే, పీహెచ్‌డీకి అయిదేళ్లు పట్టడం మామూలే. క్యాంపస్ ఆఫర్ వస్తే కాదనక్కర్లేదు. ఏడాది పనిచేసి కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు.