ఎయిర్ డిఫెన్స్‌లో చేరితే రోజు ఎలా గడుస్తుంది?

ప్రశ్న: నేను ఎలక్ట్రానిక్స్ డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాను. సైన్యంలో ఎయిర్ డిఫెన్స్ విభాగంలో చేరాలని ఉంది. క్షిపణులు డ్రోన్లను కూల్చే వీడియోలు చూసినప్పటి నుంచి మనసు అటే లాగుతోంది. అక్కడ నిజంగా రోజూ చేసే పని ఏమిటి? ఆడపిల్లలకు కుదిరే పనేనా? బయటికి వచ్చాక ఈ అనుభవం పనికొస్తుందా? మా అమ్మ మాత్రం చాలా భయపడుతోంది.

జవాబు: మీరు చూసిన వీడియో అర నిమిషం ఉండి ఉంటుంది. ఆ అర నిమిషం కోసం ఆ బృందం ఎన్ని నెలలు కాపలా కూర్చుందో అందులో కనబడదు. ఈ విభాగంలో చేరినవాళ్లలో చాలామంది శత్రువు మీద ఒక్క క్షిపణి కూడా పేల్చకుండానే సర్వీసు పూర్తి చేస్తారు. మీరు ముందు ఆలోచించాల్సింది దీని గురించే. ఏమీ జరగని రాత్రి కూడా, ఈ రాత్రే ఏదో జరగబోతోందన్నంత శ్రద్ధగా పని చేయగలరా?

ఎయిర్ డిఫెన్స్ అన్న ఒక్క పేరు కింద చాలా పనులున్నాయి. రాడార్ తెర ముందు కూర్చుని ఆకాశంలో కదిలేవాటిని గుర్తించేవాళ్లు కొందరు. లాంచర్‌ను నిలబెట్టి, క్రేన్‌తో క్షిపణి గొట్టాలను ఎక్కించేవాళ్లు ఇంకొందరు. తుపాకీ సిబ్బంది వేరు. స్టింగర్ లాంటి, దాదాపు 15 కిలోల బరువుండే క్షిపణిని భుజాన మోసుకుంటూ కాలినడకన తిరిగేవాళ్లు వేరు. రేడియోలు, డేటా లింకులు చూసుకునేవాళ్లు, జనరేటర్లు నడిపేవాళ్లు, పాడైన సర్క్యూట్ బోర్డును వెతికి పట్టుకునే టెక్నీషియన్లు కూడా ఉంటారు. ఒకే యూనిట్‌లో ఉన్నా ఇద్దరి రోజుల మధ్య పోలికే ఉండకపోవచ్చు. కాబట్టి 'ఎయిర్ డిఫెన్స్‌లో చేరతాను' అనుకుంటే చాలదు, ఏ ట్రేడ్‌లో, అంటే వీటిలో ఏ రకం పనిలో చేరతారో ముందే తేల్చుకోవాలి.

ఇక రోజు సంగతి. డ్యూటీ ఎక్కగానే ముందు షిఫ్టువాళ్లు రాసిన లాగ్ చదువుతారు. జనరేటర్‌లో ఇంధనం, కేబుళ్ల బిగింపు, ఎలక్ట్రానిక్ పరికరాలను చల్లగా ఉంచే ఏసీ, రేడియో, ఇలా చెక్‌లిస్టులో ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా చూస్తారు. తర్వాత గంటల తరబడి తెర. మధ్యలో డ్రిల్లు, విమానాల ఆకారాలు గుర్తుపట్టే శిక్షణ, సిమ్యులేటర్‌లో అభ్యాసం. యూనిట్ చోటు మారిందంటే పని పది రెట్లవుతుంది. రాత్రిపూట లైట్లు లేకుండా వాహనాలు నడపాలి, లాంచర్లను సమతలంగా నిలపాలి, బరువైన కేబుళ్లు లాగాలి, శత్రువుకు కనబడకుండా వల కప్పాలి, రాడార్‌ను ఉత్తర దిక్కుతో సరిచూడాలి.

ఆ చివరి పని చూడటానికి చిన్నదే. కానీ 2020 జనవరి 8న టెహ్రాన్ దగ్గర ఉక్రెయిన్ ప్రయాణికుల విమానాన్ని ఇరాన్ క్షిపణి సిబ్బంది కూల్చేశారు, 176 మంది చనిపోయారు. చోటు మార్చాక రాడార్‌ను సరిగ్గా దిక్కుకు సరిచేయలేదని, 107 డిగ్రీల తేడా ఉండిపోయిందని, తప్పుల వరసలో అదొకటని తర్వాత ఇరాన్ పౌర విమానయాన సంస్థే చెప్పింది. ఒక దిక్కున వెళ్తున్న విమానం తెర మీద ఇంకో దిక్కు నుంచి వస్తున్నట్టు కనబడుతుందన్నమాట. చెక్‌లిస్టులో ఒక గీత వదిలేస్తే ఏమవుతుందో ఎవరైనా అడిగితే నేను ఈ సంగతే చెబుతాను.

ఇంకోటి 1991 ఫిబ్రవరి 25న, సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో జరిగింది. ఇరాక్ ప్రయోగించిన స్కడ్ క్షిపణి బ్యారక్ మీద పడి 28 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. వచ్చే క్షిపణులను కూల్చడానికి అక్కడ పెట్టిన అమెరికా పేట్రియాట్ వ్యవస్థ ఆపకుండా 100 గంటలకు పైగా నడుస్తూ ఉంది. దాని సాఫ్ట్‌వేర్ కాలాన్ని లెక్కించడంలో ఉన్న చిన్న దోషం అన్ని గంటల్లో పెరిగిపెరిగి, సెకనులో మూడో వంతయింది. అంత వేగంగా వచ్చే క్షిపణి విషయంలో అది వందల మీటర్ల తేడా. రాడార్ వెతకాల్సిన చోట వెతకలేదు. వ్యవస్థను ఆపి మళ్లీ ఆన్ చేస్తే లెక్క మొదటికొచ్చేది. ఎక్కువసేపు నడిపితే ఇబ్బంది రావచ్చని యూనిట్లకు అంతకు ముందే సందేశం వెళ్లింది కానీ, 'ఎక్కువసేపు' అంటే ఎన్ని గంటలో అందులో లేదు. సరిచేసిన సాఫ్ట్‌వేర్ మర్నాడు చేరింది. మీరు ఎలక్ట్రానిక్స్ చదివారు కాబట్టి ఇది మీకు చెబుతున్నాను. ఈ విభాగానికి మీలాంటివాళ్ల అవసరం ఎక్కువ. 'ఎక్కువసేపు అంటే ఎంత?' అని తిరిగి అడిగే బుర్ర అక్కడ చాలా విలువైంది.

టెన్షన్ గురించి కూడా చెప్పాలి. సెకనుకు 300 మీటర్ల వేగంతో వచ్చేది 30 కిలోమీటర్ల దూరంలో కనబడితే మీకున్నది 100 సెకన్లు. ఆ లోపలే అది మనదా, శత్రువుదా, దారి తప్పిన పౌర విమానమా తేల్చాలి, పైవాళ్లకు చెప్పాలి, ఆదేశం వినాలి. అందుకే కాల్పుల మీద ముందే స్పష్టమైన ఆంక్షలుంటాయి. చాలా సైన్యాల్లో 'హోల్డ్' అంటే ఆత్మరక్షణకో, నేరుగా ఆదేశం వస్తేనో తప్ప పేల్చకూడదు. 'టైట్' అంటే శత్రువని రూఢి అయినదాన్నే పేల్చాలి. 'ఫ్రీ' అంటే మనది అని తేలనిదాన్ని పేల్చవచ్చు. శిక్షణలో ఎక్కువ భాగం వేలు ఎప్పుడు వెనక్కి తీసుకోవాలో నేర్పడానికే పోతుంది.

1988 జులై 3న అమెరికా యుద్ధనౌక విన్సెన్స్ ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని కూల్చినప్పుడు 290 మంది చనిపోయారు. ఆ విమానం పైకి ఎగురుతోందని నౌకలోని పరికరాలు సరిగ్గానే నమోదు చేశాయి. సిబ్బంది మాత్రం అది తమ మీదికి దిగుతోందని చెప్పుకున్నారు. దాడి జరుగుతుందని ముందే అనుకున్న మనసుకు అంకెలు కూడా వేరుగా వినబడ్డాయి. దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచే సంఘటన 1983 సెప్టెంబర్ 26 నాటిది. సోవియట్ హెచ్చరిక కేంద్రంలో డ్యూటీలో ఉన్న స్తానిస్లావ్ పెత్రోవ్ తెర మీద అమెరికా నుంచి ఒక క్షిపణి, ఆ వెంటనే మరో నాలుగు బయల్దేరినట్టు కనబడింది. నిజంగా దాడి చేసేవాళ్లు ఐదింటితో మొదలుపెట్టరు, నేల మీది రాడార్లు కూడా ఏమీ చెప్పడం లేదు అని ఆలోచించి, అది తప్పుడు హెచ్చరికని పైకి తెలియజేశాడు. మేఘాల మీద పడిన సూర్యకాంతిని, ఆ హెచ్చరిక పంపిన ఉపగ్రహం క్షిపణి మంటగా పొరబడిందని తర్వాత తేలింది. నా లెక్కలో, ఈ ఉద్యోగానికి కావాల్సిన స్వభావం ఇదే. అందరూ ఒకటి అనుకుంటున్నప్పుడు కూడా కంటికి కనిపించిన అంకెనే చదవాలి.

మీ అమ్మగారి భయం గురించి దాపరికం లేకుండా రాస్తాను. శాంతికాలంలో ప్రమాదం శత్రువు కంటే పరికరాల నుంచే ఎక్కువ: క్రేన్లు, హై వోల్టేజీ, పని చేస్తున్న రాడార్ యాంటెన్నా ముందుకు వెళ్లడం, నిద్ర చాలని డ్రైవర్లు. జాగ్రత్తలు పాటిస్తే ఇవి చాలావరకు తప్పించుకోగలిగినవే. యుద్ధం వస్తే పరిస్థితి వేరు. రాడార్ వెదజల్లే తరంగాలనే పట్టుకుని దాని మీదికి వచ్చే క్షిపణులున్నాయి, ఎయిర్ డిఫెన్స్ యూనిట్లను ముందుగా దెబ్బతీయాలని శత్రువు చూస్తాడు. అందుకే పేల్చిన వెంటనే చోటు మారడం అలవాటు చేస్తారు. 2022 నుంచి ఉక్రెయిన్‌లో చూస్తున్నట్టు, చవకైన డ్రోన్లు గుంపులుగా వస్తే ఖరీదైన క్షిపణులన్నీ వాటి మీదే ఖర్చు చేయలేరు. అక్కడ పికప్ ట్రక్కుల మీద మెషిన్‌గన్లు, సెర్చ్‌లైట్లు పెట్టుకుని రాత్రంతా తిరిగే బృందాలు పుట్టుకొచ్చాయి. రేపు మీరు చేయబోయే పని కూడా ఇలా మారుతూనే ఉంటుంది. ఇవన్నీ అమ్మగారికి దాచకుండా చెప్పండి. సగం తెలిసిన విషయమే ఇంట్లోవాళ్లకు ఎక్కువ భయం.

ఆడపిల్లల విషయంలో మీకు సందేహమే అక్కర్లేదు. 1940లో బ్రిటన్ మీద జర్మన్ విమానాలు విరుచుకుపడినప్పుడు రాడార్ కేంద్రాల్లోనూ, విమానాల జాడను పటాల మీద గుర్తించే గదుల్లోనూ మహిళలే పెద్ద సంఖ్యలో పని చేశారు. అయితే నేడు కూడా ఏ ట్రేడ్లు మహిళలకు ఉన్నాయన్నది సైన్యాన్ని బట్టి మారుతుంది, దరఖాస్తుకు ముందే చూసుకోండి. రంగులు గుర్తుపట్టే చూపు, వినికిడి పరీక్ష కూడా ముందే చేయించుకోండి. ఏళ్లు కష్టపడి చివర్లో దాని దగ్గర ఆగిపోతే చాలా బాధగా ఉంటుంది.

బయటికి వచ్చాక ఏం పనికొస్తుందన్నది మీ ట్రేడ్ తేలుస్తుంది. రాడార్, పవర్, కమ్యూనికేషన్ పరికరాల మరమ్మతు నేర్చుకున్నవాళ్లకు టెలికాం, విమానాశ్రయాలు, రక్షణ పరికరాల తయారీ సంస్థల్లో దారులుంటాయి. లాంచర్ సిబ్బందికి క్రమశిక్షణ, బృందాన్ని నడిపే నేర్పు వస్తాయి, కానీ బయట అదే పని దొరకదు కాబట్టి సర్వీసులో ఉండగానే ఇంకో సర్టిఫికెట్ చేయాలి. రాడార్ తెర చూసిన అనుభవంతో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ అయిపోవచ్చని కొందరు అనుకుంటారు. ఆ లైసెన్సు వేరు, శిక్షణ వేరు.

మీ చదువును బట్టి నేను మరమ్మతు, నిర్వహణ ట్రేడ్ వైపే మొగ్గుతాను. డిగ్రీ ఉంది కాబట్టి ఆఫీసర్ ప్రవేశ పరీక్ష కూడా చూడండి, కానీ ఆఫీసరైతే స్క్రూడ్రైవర్ కంటే మనుషులతో, కాగితాలతో గడిచే సమయమే ఎక్కువ. సంతకం చేసే ముందు నియామక అధికారిని నాలుగు సంగతులు అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి: నా ట్రేడ్ పేరు ఖాయంగా రాసిస్తారా, శిక్షణ ఎన్ని నెలలు, ఎన్నేళ్లు తప్పనిసరిగా పని చేయాలి, శిక్షణలో ఫెయిలైతే నన్ను ఏ విభాగానికి పంపుతారు. చాలామంది అడగకుండా వదిలేసేది ఆ చివరిదే.